మంచు బండి, మూడు ప్రకటనలు

సికింద్రాబాదులో పెరిగిన మా తరం క్రైస్తవ పిల్లలు మంచు గురించి పాడినంతగా మరి దేని గురించీ పాడి ఉండరు. హిమం కన్నా తెల్లగా కడగమని ప్రతి ఆదివారం ప్రభువును వేడుకునేవాళ్ళం. ఆ హిమం ఎలా ఉంటుందో చూసినవాడు మాత్రం మా సంఘంలో ఒక్కడూ లేడు. నాకు తెలిసిన మంచల్లా సోడా కొట్టువాడు రంపపు పొట్టులోంచి తీసి, గోనెసంచిలో చుట్టి, సుత్తితో బద్దలుకొట్టే దిమ్మే. అది తెల్లగా కూడా ఉండేది కాదు. అయినా ఆ రోజుల్లో నా విశ్వాసానికి చూపుతో పని ఉండేది కాదు. కనిపించని వాటిని నమ్మడంలో సండే స్కూలు నుంచీ నాకు మంచి మార్కులే వచ్చేవి. కళ్ళెదురుగా ఉన్నదాన్ని చూడటంలోనే తప్పాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. రైల్వేలో స్టోర్సు క్లర్కుని. వెయ్యి రకాల బోల్టుల పేర్లు తప్పుల్లేకుండా రాయగలను, ఒక్క బోల్టు సరిగ్గా విప్పలేను. ఈ లోపం సంగతి అప్పటికి నాకు తెలియదు. రెజిమెంటల్ బజార్లో మిలిటరీ వేలంలో కొన్న పాత సామాను అమ్మే ఒక చాచా ఉండేవాడు. ఈస్టర్ అయిన వారానికి గొడుగు కమ్మీ ఒకటి కొందామని ఆయన కొట్టుకి వెళ్తే, గుడారం గుడ్డల వెనక అది కనిపించింది. ఒకప్పుడు పసుపు రంగు. ముందు చక్రాల బదులు ముక్కులు పైకి వంగిన రెండు పొడుగాటి ఇనప పలకలు. వెనక, ట్యాంకుకి ఉన్నట్టు, వెడల్పాటి రబ్బరు పట్టా. మీద స్కూటర్ హ్యాండిలు, చిరిగిన సీటు.

"ఏందీ బాబు, గట్ల చూస్తున్నవ్? మంచు బండి అది. పహాడ్ల మీద జవాన్లు నడిపిన మాల్. మంచు మీద గుర్రం లెక్క ఉరుకుతది," అన్నాడు చాచా.

"నడుస్తుందా చాచా?"

"ఇంజను స్కూటర్ లెక్కనే ఉంటది. జెర సాఫ్ చేస్తే షురూ అయితది. గంతే."

(ఆ 'గంతే' అన్న మాట మీద నేను ఏడు నెలలు బతికాను.)

మౌలాలి రైల్వే క్వార్టర్సులో మా ఇంటి ముందు అది తోపుడు బండి మీంచి దిగుతుంటే కాలనీ అంతా గోడల మీదికి వచ్చింది. మా నాన్న గూడ్సు గార్డు, సంఘ పెద్ద. ఆయన ఏ విషయమైనా స్తోత్రంతోనే మొదలుపెట్టేవారు, తిట్టయినా సరే. "దేవునికి స్తోత్రం. ఏంట్రా ఇది?" అన్నారు. మంచు మీద నడిచే బండి అని చెప్పాను. ఆయన ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి నడి వేసవిలో పగుళ్ళిచ్చిన మా పెరడు వైపు చూశారు. "వానలు లేనప్పుడు ఎండనేల మీద ఓడ కట్టిన భక్తుడొకాయన ఉన్నాడనుకో. కానీ ఆయనకి కట్టమని పైనుంచి చెప్పారు. నీకెవరు చెప్పార్రా?" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి కాలనీలో నా పేరు ఓడ తమ్ముడు. మా నాయనమ్మ మాత్రం బండి సీటు ఎండకి బాగా కాలుతుందని కనిపెట్టి, దాని మీద మిరపకాయలు ఆరబోసింది.

ఇంతవరకూ ఇది ఒట్టి పిచ్చి. దీనికి ప్రాణం మీదికి తెచ్చే హంగు చేకూర్చింది నా భక్తే. మా క్వయర్లో ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు, పాడే ఒక అమ్మాయి ఉండేది. రాంగోపాల్‌పేట్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. నా పాటలో తప్పులు కూడా ప్రూఫులు దిద్దినంత ఓర్పుగా దిద్దేది. ఆరేళ్ళుగా ఆవిడంటే నాకు ప్రాణం. ఆరేళ్ళుగా ఆవిడ నన్ను బ్రదర్ అనేది, నేను ఆవిడని సిస్టర్ అనేవాణ్ణి. (మా యవ్వనస్థుల కూటంలో అందరం అందరినీ అలాగే పిలవాలి. మా పెద్దలు ఏ గోడా కట్టకుండానే మమ్మల్ని ఎంత భద్రంగా కాపాడారో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది.) సిస్టర్ అని పిలిచిన నోటితో మిగతా సంగతి ఎలా చెప్పాలో తెలియక నలుగుతుంటే, ఉపవాస కూటంలో ఒక ప్రసంగీకుడు, న్యాయాధిపతుల కాలంలో ఒక భక్తుడు కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి చెప్పాడు. నాకు కళ్ళం లేదు, గొర్రె లేదు. బండి ఉంది. ఆ సాయంత్రమే మోకరించి ఒప్పందం చేసుకున్నాను: ప్రభువా, నవంబరులో కోత పండుగ ఆదివారం లోపు ఈ ఇంజను స్టార్ట్ అయితే, ఆ అమ్మాయితో మాట్లాడమని నీ చిత్తమని తెలుసుకుంటాను.

అంతటితో ఊరుకోలేదు. బుధవారం గృహ ప్రార్థనలో మనవి ఏదైనా ఉందా అని పాస్టరుగారు అడిగితే లేచి, "నా బండి కోత పండుగలోపు నడిచేలా ప్రార్థించండి" అన్నాను. కారణం చెప్పలేదు. సంఘం నమ్మకంగా ప్రార్థించింది. ఒక ముసలి అక్కగారు కన్నీళ్ళతో, "తండ్రీ, ఈ బిడ్డ ఏం బండి పెట్టుకున్నాడో మాకు అర్థం కాలేదు, నీకైనా అర్థమయ్యే ఉంటుంది" అని మొరపెట్టింది. అందరి కన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఆల్టో అమ్మాయి.

ఇంజను విప్పాను. విప్పినవన్నీ పాత దుప్పటి మీద వరసగా పేర్చి కాగితాల మీద పేర్లు రాసి పెట్టాను. అది నాకు వచ్చిన విద్య. గాలివాన వచ్చి కాగితాలన్నీ పక్క క్వార్టర్సులోకి కొట్టుకుపోయాయి. తిరిగి బిగించాక మూడు బోల్టులు మిగిలాయి. మళ్ళీ విప్పాను. ఈసారి రెండు మిగిలాయి. అభివృద్ధి అనుకున్నాను. కార్బొరేటర్ తుప్పు పట్టి బిగుసుకుపోతే చాచా ఒక స్కూటర్‌ది వెతికిచ్చాడు. పిస్టన్ రింగులు మార్చాను, పట్టాకి అతుకులు వేయించాను, పసుపు రంగు కొట్టాను, సీటు కుట్టించాను. హ్యాండిలు మీద ఒక ఎర్ర బొత్తం ఉండేది, పక్కన అక్షరాలు ఎండకి చెరిగిపోయాయి. నొక్కి చూశాను. మోగలేదు. హారన్ చెడిపోయిందనుకున్నాను. కొండల మీద హారన్ ఎవరికి కొడతారులే అని దాన్ని అలాగే ఉంచి, శనివారం శనివారం గుడ్డతో తుడిచి మెరిపించేవాణ్ణి.

అన్నీ ఉన్నాయి, నిప్పురవ్వ లేదు. తాడు లాగి స్టార్ట్ చేసే బండి అది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి వంద సార్లు లాగేవాణ్ణి. ప్లగ్గు మార్చాను. కాయిలు మార్చాను. వైర్లన్నీ మార్చాను. రవ్వ రాదు. అరచేతులు బొబ్బలెక్కి, ఆదివారం పాటల పుస్తకం కూడా వేళ్ళ కొసలతో పట్టుకునేవాణ్ణి. నాలో దాగిన పాపం ఏదైనా అడ్డొస్తోందేమోనని ఒక జాబితా రాసుకుని ఒక్కొక్కటే ఒప్పుకున్నాను. ఆఫీసు పెన్సిళ్ళు రెండు తిరిగి ఇచ్చేశాను. రవ్వ రాలేదు.

కోత పండుగ ఇంకా మూడు వారాలుందనగా, ప్రసంగం అయ్యాక పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని వివాహ ప్రకటన చదివారు. ఏలూరు సంఘానికి చెందిన ఒక లెక్చరర్‌కీ, మన సంఘ సభ్యురాలైన ఫలానా కుమారికీ. ఫలానా అంటే ఆల్టో అమ్మాయి. "ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన." మా పద్ధతిలో వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. మూడోది అయితే ఇక ఆపేవాళ్ళు లేరు. తర్వాత పాడిన పాటలో నేను ఏ గొంతు పాడానో నాకు తెలియదు. నా వంతు టెనార్ మాత్రం కాదు.

చెప్పొచ్చుగా అంటారు మీరు. నేను గుర్తు అడిగి ఉన్నాను కదండీ! గుర్తు రాకుండా మాట్లాడితే దేవుణ్ణి దాటి అడుగు వేసినట్టు కాదూ? కాబట్టి మాట్లాడటం మానేసి, తాడు లాగడం రెట్టింపు చేశాను. రెండో ప్రకటన అయింది. జ్వరమని సెలవు పెట్టి (అబద్ధం, అది కూడా జాబితాలోకి ఎక్కించాను) చాచాని ఇంటికి తీసుకొచ్చాను. ఆయన బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఒక మిరపకాయ తీసి పక్కన పెట్టి, "మస్తు మెరిపించినవ్ బాబు. షాదీకి పోయేటట్టున్నది," అన్నాడు. నేను ఏడవలేక నవ్వాను. "ఏమైంది, గింత పరేషాన్ అయితున్నవ్? ఒక బండి నడవకుంటే దునియా ఆగుతదా?" ఆగిపోతుంది చాచా, వచ్చే ఆదివారం పదకొండింటికి ఆగిపోతుంది అని చెప్పలేకపోయాను.

ఆ ఆదివారం పాస్టరుగారు మూడో ప్రకటన చదివారు. అభ్యంతరమున్న యెడల అని ఆగారు. నా కాళ్ళు నన్నడక్కుండా లేచి నిలబడ్డాయి. గుడి అంతా తిరిగి చూసింది. పెద్దల బల్ల మీద మా నాన్న పెదవులు స్తోత్రం దగ్గరే ఆగిపోయాయి. క్వయర్లోంచి ఆ అమ్మాయి కూడా చూసింది. ఆ చూపు దేనికోసమో ఇప్పటికీ నాకు తెలియదు.

"చెప్పు నాయనా," అన్నారు పాస్టరుగారు.

"ఫ్యాను... ఫ్యాను గాలికి మీ కాగితాలు ఎగురుతున్నాయండీ," అన్నాను.

గోడ దగ్గరికి నడిచాను. ఆ పది అడుగులంత దూరం నేను మళ్ళీ జన్మలో నడవలేదు. రెగ్యులేటర్ ఐదు మీంచి రెండుకి తిప్పి, వచ్చి కూర్చున్నాను. "ఇది మూడవ ప్రకటన," అని ఆయన కాగితం మడిచారు.

బుధవారం సాయంత్రం ఆ అమ్మాయి శుభలేఖ ఇవ్వడానికి వాళ్ళమ్మగారితో మా ఇంటికి వచ్చింది. పెద్దవాళ్ళు లోపల కూర్చున్నారు. ఆవిడ పెరట్లోకి వచ్చి, "ఇదేనా బ్రదర్ మీ బండి? రోజూ ప్రార్థిస్తున్నాను గానీ ఎప్పుడూ చూడలేదు," అంది. రోజూనా అన్నాను. "రోజూ. పెళ్ళి కుదిరాక కూడా మానలేదు," అంది. తర్వాత వంగి హ్యాండిలు చూసి, "ఈ ఎర్ర బొత్తం నొక్కి ఉంచారేంటి?" అంది.

"అది హారనండీ. పనిచెయ్యదు."

"హారనేంటి బ్రదర్! మా ప్రెస్సు మిషన్‌కీ ఇలాంటిదే ఉంటుంది. నొక్కితే ఆగిపోతుంది. మళ్ళీ పైకి లాగితేనే నడుస్తుంది." అంటూ రెండు వేళ్ళతో దాన్ని పైకి లాగింది. టక్కుమంది. కొండల మీద చివరిసారి బండి ఆపిన జవానెవరో క్రమశిక్షణ గలవాడు. పద్ధతిగా నొక్కి దిగి వెళ్ళాడు. నేను ఏడు నెలలు దానికి మెరుగు పెట్టాను.

తాడు లాగాను. ఒక్కసారే. కాలనీ అదిరేలా మోగింది. నీలంగా పొగ లేచింది. పట్టా గిర్రున తిరిగి నాయనమ్మ మిరపకాయలన్నీ గోడ అవతలికి వెదజల్లింది. బండి రెండు పలకలతో పెరడు దున్నుకుంటూ పోయి జామచెట్టుకి గుద్దుకుని ఆగింది. ఆ అమ్మాయి మిరపఘాటుకి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. "దేవునికి స్తోత్రం బ్రదర్! కోత పండుగలోపు అన్నారు కదా, ఇంకా నాలుగు రోజులుంది. చూశారా, గడువు తప్పలేదు!" నిజమే. గడువు నేనే పెట్టాను. ఆయన తప్పలేదు. ఆయన మీద వేయడానికి ఒక్క తప్పు కూడా మిగలకపోవడమే ఆ రోజు నన్ను అన్నిటికన్నా కుంగదీసింది.

వాళ్ళు వెళ్ళాక నాయనమ్మ మిరపకాయలు ఏరుతూ నా ముఖం చూసి, ఏమైందో చెప్పమంది. గొర్రెబొచ్చు దగ్గర నుంచి ఫ్యాను దాకా అంతా చెప్పేశాను. ఆవిడ చేతిలో మిరపకాయలు చాటలో పోసింది. "దేవుణ్ణడిగావు. బండినడిగావు. సంఘమంతటినీ ప్రార్థించమని అడిగావు. ఆ పిల్లనడిగావట్రా?" అంది.

పెళ్ళిలో టెనార్ పాడాను. మరునాడు బండిని చాచా దగ్గరికి తీసుకెళ్ళి వదిలేశాను. "నడుస్తున్నది గద బాబు, ఎందుకు వాపస్ ఇస్తున్నవ్?" అన్నాడు. మంచు లేదు చాచా అన్నాను. "తీసుకపోయినప్పుడు సుత లేకుండె గద," అన్నాడు.

ఇప్పుడు ఆ గుడిలో సంఘ పెద్దని నేనే. వివాహ ప్రకటనలు చదివే పని నాకే అప్పగించారు. అభ్యంతరమున్న యెడల అని చదివి, ఉండవలసిన దానికన్నా ఒక క్షణం ఎక్కువ ఆగుతానని సంఘంలో నా మీద ఒక ఫిర్యాదు ఉంది. ఆ క్షణంలో యవ్వనస్థుల వరసలన్నీ ఒకసారి కలయచూస్తాను. ఎవడైనా వెర్రినాయన లేచి ఫ్యాను రెగ్యులేటర్ వైపు నడుస్తాడేమో, చెయ్యి పట్టి ఆపుదామని. ఇంతవరకూ ఎవరూ లేవలేదు. మూడో వరసలోంచి, ఈ కథంతా తెలిసిన మా ఆవిడ చిన్నగా దగ్గుతుంది. నేను కళ్ళజోడు సర్దుకుని, ఇది మూడవ ప్రకటన అని కాగితం మడుస్తాను.