తిట్టి పంపిన సీటు

మా మరిది పోయాడు. దవాఖాన నుంచి కబురొచ్చినప్పుడు నేను అల్లం కడుగుతున్నాను. మట్టి చేతులతోనే ఫోన్ పట్టుకున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే అతని బిడ్డ రాస్తోంది. తనకు నచ్చని మాట వచ్చినా మార్చకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

జహీరాబాద్‌లో అతని షెడ్డులో మొదట ట్రాక్టర్ సీట్లు చేసేవారు. తర్వాత విమానం సీట్లకు దిగాడు. విమానాల లోపలి సామాను చూపించే పెద్ద ప్రదర్శన ఏటా పరదేశంలో జరుగుతుంది. అక్కడ స్టాల్ పెట్టేవాడు. పెట్టె కట్టే ముందు మాత్రం కొత్త సీటును మా వాకిట్లో దింపించి, పానా పట్టుకుని నా ముందు నేల మీద కూర్చునేవాడు.

"వదినె, జర కూసోని తిట్టు."

"ఇంజనీర్లున్నరు గద, ఆళ్లతోని తిట్టించుకో."

"ఆళ్లు నా దగ్గర జీతానికున్నోళ్లు. మొఖం మీద తిట్టెటిదానివి నువ్వొక్కదానివే."

తిట్టేదాన్ని. నడుము దగ్గర బోలుగా ఉందనో, అంచు తొడకు కోస్తోందనో. అతను నవ్వుకుంటూ అక్కడే మరలు విప్పేవాడు. నేను తిట్టని సీటు ఏదీ సముద్రం దాటలేదు.

తిరిగొచ్చాక అక్కడి ముచ్చట్లు చెప్పేవాడు. పక్క స్టాళ్లలో లైట్లు, టీవీలు. ఇతని దగ్గర ఒక ఖాళీ సీటు. "మాటలు తర్వాత వదినె, ముందుగాల మనిషిని కూసోబెట్టాలె" అనేవాడు. ఒకసారి ఎవరో తెల్లజుట్టు ఆమె కూర్చుని, స్టాల్ మూసే దాకా లేవలేదట. "అచ్చం నీ లెక్కనే ఉంది, కాని తిట్టలె" అన్నాడు.

ఈసారి చెయ్యి ఆనించే పట్టె మీద మోచెయ్యి జారుతోందని తిట్టాను. సరిచేస్తానని షెడ్డుకు తీసుకుపోయాడు. ఆ తర్వాత మంచాన పడ్డాడు.

చావు జరిగిన ఏడాది స్టాల్ ఏంటని చుట్టాలన్నారు. బిడ్డ కూడా సరే, ఈసారి పోనంది. పోకపోతే ఇన్నేళ్ల ఆ చోటు వేరేవాళ్లకు ఇచ్చేస్తారట. నేను ఊరుకోలేదు. "మీ నాయిన ఏడ్సుకుంట కూసోమన్నడా, పని జెయ్యమన్నడా?" అన్నాను. నాది రాతిగుండె అన్నారు. చదివే మీరే చెప్పండి, నేనన్నదాంట్లో తప్పేముంది?

నిన్న బిడ్డ ఆ సీటు మా వాకిట్లోకి తెప్పించింది.

"పెద్దమ్మా, తిట్టు. నువ్వు తిట్టకుంటె పెట్టె కట్టనియ్య."

కూర్చున్నాను. చెయ్యి ఆనించాను. జారలేదు. సరిచేసే పోయాడు. ఎంత వెతికినా తిట్టడానికి ఏమీ దొరకలేదు.

"లేవబుద్ధైతలేదు. గిదేం సీటే?" అన్నాను.

బిడ్డ నవ్వలేదు. వాళ్ల నాన్న కూర్చునే చోటే, నేల మీద, పానా ఒళ్లో పెట్టుకుని నా మోచేతి వైపే చూస్తూ కూర్చుంది.