గమ్మున కూర్చున్నందుకు

నాకు దెయ్యం పట్టలేదు. నేను ఎవరినీ ప్రేమించనూ లేదు. పొద్దున పూట మిద్దె మీద నోరు మెదపకుండా గమ్మున కూర్చునేదాన్ని, అంతే. అందుకు మా కాలనీ ఆడవాళ్లు నూనె సీసా పట్టుకుని ఇంటికొచ్చారు. ఆ కోపం ఇంకా దిగలేదు.

మాది కోయంబత్తూరులో పాత కాలనీ. మా తాతల తాతలు ఎప్పుడో ఆంధ్ర నుంచి ఈ ఊరు శుభ్రం చేసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పక్కింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ముతాం. చదివింది తమిళం, చర్చిలో ప్రార్థించేదీ తమిళంలోనే. తిట్టుకోడానికి మాత్రం తెలుగు. తెలుగు అక్షరాలు నేను అమ్మమ్మ దగ్గర పట్టుబట్టి నేర్చుకున్నాను. తెలుగులో చదువుతానని, రాసుకుంటానని బయట ఎవరికీ చెప్పను. చెబితే దానికీ ఏదో ఒకటి అంటారు.

అవినాశి దగ్గర ఒక బనియన్ కంపెనీలో చెకింగ్‌లో ఉన్నాను. ట్యూబు లైటు కింద బట్ట పరిచి, సూది పడిన బొక్కలూ నూనె మరకలూ వెతకాలి. రోజంతా మిషన్ల మోత, దాని మీద స్పీకర్లో సినిమా పాటలు, ఆ రెండింటి మీద సూపర్వైజరు గొంతు. ఇంటికొస్తే టీవీ, కుక్కరు, వీధి కొళాయి దగ్గర తగువు. ఆదివారం విశ్రాంతి దినమని పేరు. పొద్దున ఆరాధన, వెంటనే సండే స్కూలు పిల్లలు, మధ్యాహ్నం యూత్ మీటింగు, సాయంత్రం ఎవరింట్లోనో ప్రార్థన కూటం. కుర్చీలు వేసేదీ తీసేదీ, టీ గ్లాసులు కడిగేదీ పెళ్లికాని ఆడపిల్లలమే. దేవునిలో విశ్రాంతి గురించి పాస్టరుగారు ఎంత బాగా చెప్పారో అని అందరూ మెచ్చుకుంటూ ఉంటే, వెనక పంపు దగ్గర నా చేతులు సబ్బు నురగలో ఉంటాయి.

అందుకే మిద్దె. నీళ్ల గొడవ అయ్యాక, కంపెనీ వ్యాన్ రాకముందు కొంచెం సేపు దొరికేది. ట్యాంకు పక్కన కూర్చుని వేదపుస్తకంలో చిన్న భాగం చదివి మూసేసేదాన్ని. ఆ తర్వాత ఏమీ అడిగేదాన్ని కాదు. దేవుడు అక్కడ ఉన్నాడు, నేనూ ఉన్నాను. అంతకంటే చెప్పడం నాకు రాదు. ఆ కాసేపు దొరికిన రోజు సూపర్వైజరు అరుపు నా మీంచి జారిపోయేది. దొరకని రోజు ప్రతి మాటా గుచ్చుకునేది.

మావాళ్లకు ప్రార్థన అంటే గొంతు. పక్క వీధికి వినపడితేనే పైకి చేరినట్టు. చర్చిలో అందరూ ఒక్కసారిగా గొంతెత్తుతారు. ఎవరి గొంతు వినపడకపోతే వాళ్లను పక్కవాళ్లు ఒక కన్ను తెరిచి చూస్తారు. ఆడపిల్ల నోరు మూసుకుని కూర్చుంటే మనసు ఎవడి మీదో ఉన్నట్టు, లేకపోతే ఏదో సోకినట్టు.

పక్కింటి అత్త తన మిద్దె మీద బట్టలు ఆరేస్తూ నన్ను చూసింది. కొళాయి దగ్గర మా అమ్మకు చెబుతుంటే, అక్కడే బిందె పట్టుకుని నిలబడి విన్నాను.

"వదినే, నీ కూతురు సరిగా లేదు. గోడను చూసుకోని గమ్మున కూసోనుండాది. పిలిస్తే కూడా తిరగలే."

"నిద్ర మత్తేమో వదినే."

"మత్తా? కండ్లు తెరుసుకోనే ఉండాది. ఊరికే వదలొద్దు. పాస్టరమ్మకు ఒక మాట చెప్పిపెట్టు."

నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. నన్నే అడగొచ్చు కదా. అడగలేదు.

ఆ ఆదివారం యూత్ మీటింగు లేదు. ఎన్నాళ్లకో దొరికిన ఖాళీ మధ్యాహ్నం. పుస్తకం పట్టుకుని ఒరిగానో లేదో, గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడు. ముందు పాస్టరమ్మ, వెనక పక్కింటి అత్త, ఆ వెనక చర్చి ఆడవాళ్ల ప్రార్థన గుంపు. అమ్మ అప్పటికే చాప పరిచి పెట్టింది. వాళ్లు వస్తారని ఆమెకు ముందే తెలుసు.

నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. పాస్టరమ్మ నా నెత్తిన నూనె పోసి చెయ్యి అదిమిపెట్టింది. అందరూ ఒకేసారి అందుకున్నారు, తమిళంలో, చప్పట్లతో. విడిచి పో, విడిచి పో అని. ఎవరిని పొమ్మంటున్నారు? నాలో ఉన్నది నేనే. నూనె చెంపల మీదికి కారుతోంది. తుడుచుకుందామంటే చేతులు ఎవరో పట్టుకున్నారు.

"నోరు తెరువు కణ్ణూ, స్తోత్రం చెప్పు," అంది పాస్టరమ్మ బుజ్జగిస్తూ. "గట్టిగా చెప్పితే అది పోయేస్తాది."

"ఎవురన్నా ఉంటే ఇప్పుడే చెప్పేయ్‌మ్మే," అంది పక్కింటి అత్త నా చెవిలో. "కంపెనీ అబ్బాయా?"

నాకు స్తోత్రం రాదా? రోజూ చెప్పుకునేదే. వీళ్లు పిండితే కారే స్తోత్రం దేవుడికి ఎందుకు? మామూలుగా ఎవరేమన్నా తలదించుకుని సరేననేదాన్ని, ఆ రోజు పళ్లు బిగబట్టాను. వాళ్లు అలిసిపోయేదాకా నోరు తెరవలేదు. చివరికి కాఫీ తాగి, మొండి ఆత్మ, ఉపవాసం ఉంటేగానీ పోదని తేల్చారు. వెళ్తూ పాస్టరమ్మ అమ్మతో అంది, "ఒంటిగా వదలొద్దు. మిద్దెకు పంపించొద్దు."

ఆ గ్లాసులు కూడా నేనే కడిగాను.

మర్నాడు మిద్దె తలుపుకు తాళం.

"తాళం చెవి ఇయ్యమ్మా."

"పాస్టరమ్మ వద్దన్నాది కదా."

"నాకేమీ పట్టలేదు. దేవుని దగ్గర కూసుంటా. అది ప్రార్థనే."

"సద్దు లేకుండా అదేమి ప్రార్థన? అయితే మేమంతా చేసేది ఏమి?"

యేసు తెల్లారకముందే లేచి, ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా ప్రార్థనకు పోయేవాడని ఈ ఆడవాళ్లే నాకు సండే స్కూల్లో నేర్పారు. వెతుక్కుంటూ పోయిన శిష్యులు ఆయనకు ఏదో సోకిందని అనలేదు. నడవలో, వంటింటి గుమ్మానికి అడ్డంగా, గోడవైపు తిరిగి నేల మీద కూర్చున్నాను.

"ఇదేమి బస్టాండా?" అని గొణుగుతూ నాన్న నన్ను దాటి పోయాడు.

"జరుగు, గిన్నెలు తియ్యాల," అంది అమ్మ.

జరగలేదు. కళ్లు మూసుకున్నాను. శాంతి రాలేదు. కోపమే వచ్చింది. దాన్నే దేవుడి ముందు పెట్టాను. నూనె, చప్పట్లు, కంపెనీ అబ్బాయి, తాళం, ఏదీ సర్దకుండా, ఎలా ఉన్నది అలాగే. సందు చివర వ్యాన్ హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. వెళ్లిపోయింది.

కళ్లు తెరిచేసరికి అమ్మ చీపురు పట్టుకుని ఎదురుగా ఉంది.

"వ్యాన్ పోయె. సంతోషమా?"

"పోనీ."

"ఇంతసేపు దేవునికి ఏమి చెప్తివి?"

"నీ మీద పితూరీ."

అమ్మ ముఖం చిన్నబోయింది. "చెప్పు చెప్పు. అట్లే నా మోకాళ్ల నొప్పి కూడా చెప్పు," అంది.

"అది నువ్వే చెప్పుకో. వచ్చి కూసో."

"నాకేడ టైముండాది? డ్యూటీకి పోవద్దా?" అంటూ వంగి ఊడవడం మొదలుపెట్టింది. వంగుతుంటే మోకాళ్లు పటపటమన్నాయి. అమ్మ పని ఒక ఆసుపత్రిలో వార్డులు ఊడవడం. అక్కడి నుంచి వచ్చి ఇల్లు, ఇల్లయ్యాక కూటాలు. ఆమె ఊరికే కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. కూర్చోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేరు. గొంతు పోయేదాకా అరవమని మాత్రం అందరూ చెప్పారు.

అమ్మ మీది కోపం అక్కడితో తెగిపోయి, ఆమెకు అలా నేర్పిన వాళ్లందరి మీదికీ పాకింది. తగ్గడం మాట అటుంచి ఇంకా పెద్దదైంది. చీపురు లాక్కున్నాను.

"నేను ఊడుస్తా. నువ్వు కూసో. స్తోత్రం చెప్పొద్దు, ఏమీ చెప్పొద్దు."

"నిజంగానే పట్టిండాది నీకు," అంది. కానీ మోకాళ్లు పట్టుకుని, గోడకు ఆనుకుని, మెల్లగా కూర్చుంది. కళ్లు మూసుకోలేదు. ఎదుటి గోడ వైపు చూస్తూ ఉంది. నేను నా కోపమంతా నేల మీద చూపిస్తూ బరబరా ఊడుస్తున్నాను.

"మెల్లగా ఊడువు," అంది అమ్మ, నావైపు చూడకుండానే. "సద్దు చెయ్యొద్దు."