నా మీద నేనే పెట్టిన ఫైలు

ఆ రోజుల్లో మనిషికి నోరు తెరుచుకుని నిలబడడానికి తీరిక ఉండేది. ఇప్పటివాళ్లకి చెబితే నవ్వుతారు గానీ, మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల భవనం లేస్తున్నప్పుడు నేను రోజూ బస్సు దిగి పది నిమిషాలు దాన్ని చూసి, ఆ తరువాతే ఆఫీసుకి వెళ్లేవాణ్ణి (అందుకే రోజూ పది నిమిషాలు ఆలస్యం, అది వేరే సంగతి). చుట్టూ బండరాళ్లు, తుమ్మచెట్లు, కొత్త రోడ్డు దుమ్ము, మధ్యలో అది. తెనాలిలో మా మేడ మీది నీళ్ల ట్యాంకుకన్నా ఎత్తైనదేదీ ఎక్కి ఎరగని నాకు, మనుషులు ఇలాంటిది కూడా కట్టగలరా అని ఒళ్లు జలదరించేది.

మాది దానికి కిలోమీటరు దూరంలో, కిరాయి ఇంట్లో నడిచే ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయం. నేను కొత్త జూనియర్ అసిస్టెంటుని, ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. సిబ్బంది సెలవులు, మెమోలు, శిక్షలు అన్నీ నా సీటే చూడాలి. భవనం పూర్తయి కంపెనీలు దిగాక, ఒకనాడు అందులోని ఒక కంపెనీకి ఉత్తరం అందజేయాల్సి వచ్చింది. నిజానికి ఆ పని అటెండరుది. మేమంతా ఛాయ్ తాత అని పిలిచే ఆ బోరబండ పెద్దాయన, "మోకాలు గుంజుతున్నది సారూ, జర నువ్వే పోయి రారాదు" అన్నాడు. "సరే తాతా" అన్న మాట పూర్తయ్యేలోపే నేను గేటు దాటేశాను. ఉత్తరం ఇచ్చి సంతకం తీసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. లిఫ్టుకి రెండున్నర గంటలు పట్టింది. బొత్తాం నొక్కితే నేల కిందికి జారిపోవడం, ఆ చల్లగాలి, ఇస్త్రీ చొక్కాలవాళ్లు ఆకాశంలోకి వెళ్తూ కూడా గడియారం చూసుకోవడం! పైకి వెళ్లాను, దిగాను, మళ్లీ వెళ్లాను. పై అంతస్తు అద్దంలోంచి దుర్గం చెరువు, కొండరాళ్లు, ఆ పక్కన అగ్గిపెట్టెంత మా ఆఫీసు, దాని ముందు ఇంకా చిన్నదిగా ఒక జీపు. ఆ జీపు ఎవరిదో అప్పుడు ఆలోచించలేదు.

అది మాతోపాటు మరో రెండు ఆఫీసులు చూసే మా ఆఫీసరుగారిది. చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారు. ఛాయ్ తాత నా మీద ప్రేమకొద్దీ నా టిఫిన్ సంచి కుర్చీకి తగిలించి, ఫ్యాన్ వేసి, "ఇప్పుడే ఛాయ్‌కి పోయిండు సార్, గిట్ల వస్తడు" అన్నాడట. ఆఫీసరుగారు గంటన్నర ఆ ఫ్యాన్ కిందే కూర్చుని, నేను ఛాయ్ తాగి రావడం కోసం ఎదురుచూశారు. మర్నాడు నాకు మెమో ఇవ్వమని ఆదేశం వచ్చింది. మెమోలు రాసేది నేనే కదా! నాకు నేనే మెమో రాసుకుని, నేనే అందుకున్నట్టు సంతకం పెట్టి, నేనే సంజాయిషీ ఇచ్చి, అది సంతృప్తికరంగా లేదని నేనే నోట్ పెట్టాను (పాత ఫైళ్లన్నిటిలో అలాగే ఉంది మరి). చివరికి అభిశంసన ఖరారైంది. అంటే సర్వీసు రిజిస్టర్లో ఎర్రసిరాతో ఒక వాక్యం. అది రిటైరయ్యేదాకా చెరగదు, ప్రొబేషన్‌కి కూడా అడ్డం పడుతుంది. కొడుక్కి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని వీధంతా మిఠాయి పంచిన మా నాన్న ముఖం గుర్తొచ్చి, బల్ల మీద తల వాల్చి ఏడ్చేశాను.

మా హెడ్ గుమాస్తాని అందరూ రూల్స్ బాబాయి అనేవారు. భీమవరం వైపు మనిషి. నియమావళి మొత్తం నోటికి వచ్చు. "ఏడుపెందుకురా అబ్బాయ్? అప్పీలు చేసుకో. శిక్ష వేసినాయన పైన ఇంకొకరుంటారు, ఆ పైన మరొకరుంటారు" అని, కళ్లు మూసుకుని నాలుగు పేజీలు చెప్పారు, నేను రాశాను. ఇన్ని మెట్లు కట్టి, చివర నాలాంటివాడి మాట వినడానికి కూడా ఒక తలుపు పెట్టారా అని, ఆ భవనాన్ని చూసినప్పటిలాగే నోరు తెరిచాను. అయితే అప్పీలు మా ఆఫీసు గుండానే పైకి వెళ్లాలి, దానిమీద మా ఆఫీసు అభిప్రాయం రాసి జతచేయాలి. ఆ సీటు నాదే. అలవాటుకొద్దీ పాత ఫైలు ముందు పెట్టుకుని, "అప్పీలుదారుని వాదనలో పస లేదు, తిరస్కరించవచ్చు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సంతకాలకి పంపేశాను. ఇంటికి వెళ్లే బస్సెక్కాక గానీ ఆ అప్పీలుదారుడు నేనేనని గుర్తురాలేదు. మర్నాటికి ఆఫీసరుగారి సంతకం కూడా అయిపోయింది. బాబాయి ముక్కుపొడి పీల్చి, "పోనీలే, నిష్పక్షపాతంగా రాశావు" అన్నారు.

విచారణకి నగరంలోని పెద్దాఫీసుకి పిలిచారు. అప్పీలు వినే పై అధికారి ఒక పెద్దావిడ. కాగితాలన్నీ పక్కపక్కన పరుచుకుని, "అప్పీలు మీదేనా?" అన్నారు.

"అవునండి."

"దీన్ని కొట్టెయ్యమన్నది?"

"అదీ నేనేనండి."

"ఈ మెమో రాసింది?"

"నేనేనండి."

"శిక్ష ఆర్డరు చిత్తుప్రతి?" తలూపాను. "అసలు ఆ మధ్యాహ్నం ఎక్కడికి వెళ్లారు?" బాబాయి రాయించిన నాలుగు పేజీల్లో ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"లిఫ్టు ఎక్కానండి."

"ఎన్నిసార్లు?"

"పదకొండండి."

"పైనుంచి ఏం కనిపించింది?" అని అడిగారావిడ. చెరువు, రాళ్లు, మా ఆఫీసు అన్నీ చెప్పాను. ఆ ఊపులో జీపు కూడా చెప్పేశాను. ఆవిడ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

వారంలో ఆర్డరు వచ్చింది. ఎవరి ఫైలు వారే చూడకూడదు కనుక మొదటి మెమో నుంచి ఏదీ చెల్లదనీ, శిక్ష రద్దనీ, మళ్లీ సీటు వదిలితే ఊరుకునేది లేదనీ. పరుగున వెళ్తే, బాబాయి కాగితం చూడకుండానే "రద్దయిందా?" అన్నారు.

"మీకెలా తెలుసు బాబాయ్?"

"నీ మెమో నువ్వే రాసుకున్న రోజే తెలుసురా. మధ్యలో ఇంకో చెయ్యి పడితే ఇంత గట్టి తప్పు దొరికేదా?"

నా నోరు మళ్లీ తెరుచుకుంది. ఛాయ్ తాత అందులో పోయడానికన్నట్టు గ్లాసు తెచ్చి, "ఇగ ఫికర్ లేదు, తాగు సారూ" అన్నాడు.

ఈమధ్య సర్వీసు రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, ఎవరిది వారే సరిచూసుకోమన్నారు (ఎవరి ఫైలు వారే చూడకూడదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు). ఇప్పుడు మా ఆఫీసు కూడా ఒక అద్దాల భవనంలోనే. రోజూ లిఫ్టెక్కుతాను, ఎక్కినంతసేపూ ఫోన్ చూసుకుంటాను. రిజిస్టరు తిప్పితే ఇంక్రిమెంట్లు, బదిలీలు, సెలవులు, అంతా నీలిసిరాయే. ఒక్క మచ్చ లేదు. నాన్న ఉంటే మురిసిపోయేవారు. నాకు మాత్రం ఎందుకో మనసు చిన్నబోయింది. ఆ ఎర్రసిరా వాక్యం పడి ఉంటే, ఫలానా మధ్యాహ్నం ఈ మనిషి తన సీటులో లేడని కనీసం ఒక్కచోటైనా రాసి ఉండేది కదా అనిపించింది.