నీలం పోగు, ఆకుపచ్చ దీపం

హిందూపురం కంటి ఆసుపత్రి వరండాలో నర్సు చుక్కలు వేసింది. మంట మొదలైంది. కాసేపటికి ఎదుటి గోడ పాలు ఒలికినట్టు తెల్లగా అలుక్కుపోయింది. ఎన్నిసార్లు వచ్చినా భయం పోదు. ఈసారి డాక్టరు ఏమంటారో? ఈ మంటతోపాటే నంజుండప్ప సార్ గుర్తొస్తారు. పోయిన మనిషి మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను.

ఆయన పెనుకొండలో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత బడి హాల్లో వెదురుతో, గుడ్డలతో మనుషులు నడిచి వెళ్లేంత పెద్ద కన్ను కట్టారు. కంటిపాపలోంచి లోపలికి పోతే వెనక పట్టుపోగులు వేలాడుతుంటాయి. అవే నరాలు. ఏ రంగు పోగు లాగితే వాటి చివరనున్న మెదడు బొమ్మలో ఆ రంగు దీపం వెలగాలి. ఆ పోగులు అతకడానికి ధర్మవరం నుంచి నన్ను పిలిపించారు. మగ్గం మీద పాత పోగుకు కొత్త పోగును మెలిపెట్టి అతకడం నా పని. పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుంటే చాలు, చూడనక్కర్లేదు. ఆ ధైర్యంతోనే ఏడాదిగా చూపు మసకబారుతున్నా ఇంట్లో కూడా చెప్పలేదు.

ప్రారంభం రోజున ఒక చిన్నపిల్ల నీలం పోగు లాగింది.

“సార్, ఆకుపచ్చది వెలుగుతాండాది!”

అందరూ గొల్లున నవ్వారు. సార్ వచ్చి, నీలం పోగుకు ఆకుపచ్చ పోగు కలిపిన నా అతుకును పట్టి చూశారు.

“అతుకు గట్టిగానే ఉండాది. ఏమప్పా, చూసి అతికినావా, తడిమి అతికినావా?”

“ఈడ లైటు చాల్లేదు సార్.”

“లైటు బాగానే ఉండాది. నీ కన్నే బాగలేదు.”

హాలు నిండా జనం. వాళ్లలో ధర్మవరం మగ్గాలవాళ్లు ఇద్దరు. ఈ మాట ఊరు చేరితే నన్ను పనికి పిలిచేదెవరు?

“నా కన్ను బాగుండాదని డాక్టరుతో రాయించుకొచ్చి మీ టేబులు మీద పడేస్తా” అని వచ్చేశాను.

మరునాడే ఆ కాగితం కోసం ఈ ఆసుపత్రికి వచ్చాను. షుగరు కంటి వెనక పొరను తినేస్తోందని రాసిచ్చారు. పోయిన చూపు రాదట. ఉన్నదాన్ని లేజరుతో నిలబెట్టవచ్చట. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే అదీ దక్కేది కాదట.

కొన్ని నెలలకు సార్ ధర్మవరం బస్టాండులో ఎదురయ్యారు.

“ఏమప్పా, కాగితం తెస్తానంటివే?”

“యాడో పడిపోయింది సార్.”

“పోనీలే. కన్ను పడిపోలేదు గదా.”

“అంతమందిలో అనాల్నా సార్?”

“చెవిలో చెప్పింటే ఇనే మొగమేనా నీది?”

అయినా అంతమందిలో ఆయన అనడం తప్పే. ఇప్పటికీ ఒప్పుకోను.

ఆ కాగితం పడిపోలేదు. ఇప్పుడూ జేబులోనే ఉంది.

పని మాత్రం ఆగలేదు. రేపు మళ్లీ మగ్గం దగ్గర కూర్చుంటాను. రంగు తేలకపోతే పోగును గుమ్మం వెలుతురులోకి ఎత్తిపట్టి, ఎంతమంది ఉన్నా పక్క మగ్గం ఆమెను గట్టిగానే అడుగుతాను: “అమ్మా, ఇది నీలమేనా?”