సగం తుడిచిన నలుపు

ఆకివీడు దాటాక చేపల చెరువుల మీది ఎండ రైలు కిటికీలోంచి వచ్చి మొహాన కొడుతుంది. కళ్ళు మూసుకుంటాను. రెప్పల వెనక ఎర్రటి వెలుగులో చెరువులన్నీ నెమ్మదిగా తేలుతుంటాయి. వాటి మధ్య నుంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని సలోమి మేడం నడిచి వస్తుంటారు. ఆవిడ ప్రార్థించే దేవుడికి నీళ్ళ మీద నడక కొత్త కాదు గానీ, ఆవిడకు మాత్రం కాలేజీకొచ్చే దెందులూరు బస్సులో సీటు దొరకడమే అద్భుతం.

రెండువేల దశకంలో, తాడేపల్లిగూడెంలో నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆవిడ మాకు ఫిజిక్స్ చెప్పేవారు. నా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు సోలార్ సెల్. కరెంటు ఉన్నప్పుడు మాత్రమే సూర్యశక్తి మీద పరిశోధన. సెల్‌లోని సిలికాన్ పలక పలచనైతే ఖర్చు తక్కువ. కానీ కొల్లేటి అంచున మోకాలి లోతు నీళ్ళలాగే, పడిన వెలుగు కొంత పైనుంచే తిరిగిపోతుంది, కొంత అడుగు తాకి బయటికొచ్చేస్తుంది. అందుకని పైన కంటికి ఆనని సూదిమొనల అడవి పెంచాలి. వెలుగు అందులో దారి తప్పి, అటూ ఇటూ తిరిగి, లోపలే ఉండిపోతుంది. అలాంటి ముక్క మెరవదు, నల్లగా ఉంటుంది. మేడం వేసవి సెలవులు ధారపోసి, వేరే ఊరి ల్యాబులో బతిమాలి, అగ్గిపెట్టెంత ముక్క చేయించి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకొచ్చారు. అది చూపించకపోతే నాకు డిగ్రీ లేదు.

బయటి ఎగ్జామినర్ వచ్చే రోజు. అతిథి మర్యాద తెలిసిన మా అటెండరు వెంకటేశ్వర్లు గారు బల్లలు, అద్దాలు తుడిచి, ఆ ముక్కనూ తుడిచారు.

"మసి పట్టిందనుకున్నానండీ. ఈలోగా బెల్లు కొట్టడానికెళ్ళాల్సొచ్చింది, లేకపోతే మొత్తం వదలగొట్టేద్దునండీ!"

సగం నలుపు, సగం మెరుపు. నా నోరు ఊరుకోలేదు. "ఏముంది మేడమ్, సగం డిగ్రీ అడుగుదాం."

మేడం నవ్వలేదు. "మీద ఏం పడినా తళుక్కున తిప్పికొట్టేస్తావు బాబూ. ఒక్కటైనా లోపలికి వెళ్ళనివ్వవా?"

 

ఆవిడ ఆ ముక్కను అలాగే టేబుల్ లైటు కింద పెట్టారు. ఎగ్జామినర్ వంగి చూశారు. తుడిచిన సగంలో బల్బు తళుక్కుమంది, నల్లటి సగంలో ఏమీ లేదు.

"ఇటువైపు వెలుగేమైందయ్యా?"

నాలుక చివర జోకు సిద్ధంగా ఉంది. మింగేశాను. "లోపలికెళ్ళిందండీ."

ఆయన ముక్కను లైటు కింద అటూ ఇటూ జరిపి చూశారు. తర్వాత, "ఎండలో కూడా చూద్దాం పదండి," అన్నారు. పాసయ్యాను. అదంతా తన చలవేనని వెంకటేశ్వర్లు గారు స్వీట్లు అడిగారు. కాదనడానికి సైన్సు ఒప్పుకోలేదు.

జోకులు ఇప్పటికీ మానలేదు. కానీ ఎవరైనా గుచ్చుకునే మాట అంటే కాసేపు ఆగుతాను. అది లోపల అటూ ఇటూ తిరుగుతుంది. "వినబడలేదేంట్రా?" అంటారు స్నేహితులు.

రైల్లో ఎదుటి సీటాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "కిటికీ దించేద్దామంటారా అండీ? ఎండ కొట్టేస్తోంది."

"కాస్సేపు ఉండనివ్వండి," అన్నాను.