పద్నాలుగు దగ్గర గుట్ట

మా ప్రయోగశాలలో ఆయన్ని పట్టకారు మామయ్య అనేవాళ్ళం. గదులు తుడవడానికి చేరి, చూసి చూసి నేర్చుకుని, స్ఫటికాలు అతికించడంలో దిట్ట అయ్యాడు. ఉల్లిపొరంత నల్లటి ముక్కను పట్టకారుతో ఎత్తి, వంగకుండా జిగురుచుక్క మీద పడుకోబెట్టడం ఆయనకే చెల్లింది. నేను పక్కగదిలో ఆ ముక్కల్ని చల్లబరిచి కొలిచే చలియంత్రం నడిపేవాణ్ణి. ఈ ఏడాది ఆ చేతులకు వణుకొచ్చింది. చెయ్యి వణికినవాడికి అక్కడ పని ఉండదు, ఇంటికి పొమ్మంటారు. అందుకే చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఆ నల్లటి స్ఫటికంలో పరమాణువులు బుల్లి అయస్కాంతాలు. అంతకుమించి చలి లేని సున్నా ఒకటుంది. దానికి ఏడు డిగ్రీల దూరందాకా చల్లబరిస్తే అవి బడిపిల్లల్లా వరుస కడతాయి. ఆ వరుసను బయటి అయస్కాంతంతో చెదరగొడితే, ఎంత చలిలోనూ అవి కుదురుకోని స్పిన్ ద్రవం అనే స్థితి దొరుకుతుందని ప్రొఫెసరుగారి ఆశ. కానీ ముక్క రవ్వంత వంగినా పొరలు జరిగి, పద్నాలుగు దగ్గరే ఇంకో వరుస కడుతుంది. గ్రాఫులో అక్కడ గుట్ట లేస్తుంది. గుట్ట లేచిన ముక్క చెత్తబుట్టకే.

ఒకమ్మాయి నాలుగేళ్ళు కొలిమి ముందు కూర్చుని ఆ స్ఫటికాలను పెంచింది. ఆమె పట్టా వాటి మీదే ఆధారపడింది. అతికించమని మామయ్యకు మూడు ముక్కలిచ్చింది. మూడింటికీ గుట్ట లేచింది.

"అతికించేటప్పుడు వంగాయా మామయ్యా?" అన్నారు ప్రొఫెసరుగారు.

మామయ్య చేతులు జేబుల్లో దోపుకున్నాడు. "ఇన్నేళ్ళలో నా చేతిలో ఒక్కటి వంగిందా సార్? కొలిమిలోనే తేడా కొట్టింది."

"నేను తీసినప్పుడు బాగానే ఉన్నాయి సార్," అంది అమ్మాయి.

"అంటే, ఆయన చేతిని అనుమానిస్తున్నావా?"

ఆమె తల దించుకుంది. "అయ్యో, లేదు సార్. తప్పు నాదే అయ్యుంటుంది."

ఆమె పని అక్కడితో ఆపేశారు. నిజం నా నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. పిరికితనంలో నేనేం తక్కువ తినలేదు.

మర్నాడు ఆమె సీసాలో మిగిలిన ఒక్క ముక్కను, ఎవరి చెయ్యీ తగలకుండా గొట్టంలోకి జార్చి కొలిచాను. ఏడు దగ్గర ఒకటే మలుపు. పద్నాలుగు దగ్గర గీత నున్నగా ఉంది. మామయ్య నా వెనకే నిలబడి చూశాడు.

"చెప్పకురా. రెండేళ్ళు ఆగితే నేనే పని మానేసి పోతాను," అన్నాడు.

"మరి ఆ పిల్ల?"

"చిన్నది. ఏదో ఒకటి చేసుకు బతుకుతుంది."

గ్రాఫు చించేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా చించేశాను.

సాయంత్రం ఆమె సంచీ సర్దుకుని మామయ్య బల్ల దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు ఆయనే ఇచ్చిన పట్టకారు తీసి ముందుకు చాచింది.

"తీసుకోండి మామయ్యా. ఇది మీలాంటి చేతుల్లోనే ఉండాలి."

మామయ్య జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.

"బల్ల మీద పెట్టి వెళ్ళమ్మా," అన్నాడు.