పులుసులో కలిపిన పొడి

ఈ సంగతి ఇన్నేళ్లు ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. అక్షరాలు దిద్దింది నిరుడే, మనవరాలి పలక మీద. ఎవరిచేతనైనా రాయించవచ్చు కదా అంటారేమో. రాయించాలంటే ముందు వాళ్లకు చెప్పాలి. చెప్పగలిగితే ఇంతకాలం మొయ్యడం దేనికి?

మాది మొగల్తూరు అవతల సముద్రపు ఒడ్డు. మా ఆయన వేట నుంచి వచ్చిన ప్రతి సాయంత్రం తాగేవాడు. తాగుడు మాన్పించే పొడి అని సంతలో ఒకామె అమ్మితే కొన్నాను. మగాడికి తెలిస్తే పనిచెయ్యదంది. చేపల పులుసులో కలిపాను. ఆ పులుపులో తెలియదు. నెలల తరబడి పెట్టాను. తాగుడు పోలేదు. కాళ్లూ మొహమూ ఉబ్బాయి.

రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకెళితే కిడ్నీలోంచి చిన్న ముక్క తీశారు. అక్కడి డాక్టరమ్మ కొత్త పరీక్ష ఒకటి చేస్తోంది. ఆ ముక్కను పల్చగా కోసి కంటికి కనపడని కాంతి వేస్తే, ఎక్కడ ఏ పదార్థముందో రంగుల బొమ్మలా వస్తుందట. అలాంటి బొమ్మలు ఎందరివో చూపించి, ఇది ఫలానా జబ్బు అని కంప్యూటర్‌కు నేర్పుతున్నారట. మా ఆయన బొమ్మ చూసి, ఇది మందుల వల్ల చెడిన కిడ్నీలా ఉందని ఆ కంప్యూటర్ చెప్పింది.

“నాటు మందులేమైనా వాడారాండి?” అని డాక్టరమ్మ ఆయన్ని అడిగింది.

“నాకు తెలిసిన మందు ఒకటేనండి, సాయంత్రం పూట పడేది.”

ఆవిడ నవ్వి నా వైపు తిరిగింది. “మీరు చెప్పండమ్మా. పొడులూ పసర్లూ ఏమైనా?”

“లేదండి.”

“అయితే ఈ కంప్యూటరే పొరబడిందండి. మందుల వల్ల కాదని దీనికి దిద్ది నేర్పుతాం.”

అది పొరబడలేదు. నాకొక్కదానికే తెలుసు.

ఆ రోజు నుంచి పొడి కలపలేదు. మిగిలిన పొట్లం మాత్రం ఎందుకో పారెయ్యలేకపోయాను. మెల్లగా ఉబ్బు తగ్గింది. మాత్రల గుణం అన్నారు. ఆయన భయపడి తాగుడు మానేశాడు. నా తాగుడే నా కిడ్నీలు తినేసిందని రేవులో కుర్రాళ్లందరికీ బుద్ధి చెబుతాడు. పక్కనే తల వంచుకుని చేపలు కోస్తూ వింటాను. మొదట నోరు మూయించింది భయమే. తర్వాత? నిజం తెలిస్తే మళ్లీ సీసా పట్టుకుంటాడని ఊరుకున్నాను. నా తప్పు ఆయన నెత్తిన ఉంటే నాకు సుఖంగా ఉందని కూడా రాయాలి.

నిరుడు మనవరాలు ఒక అక్షరం తప్పు రాసిస్తే, అది తప్పని తెలియక నేను దాన్నే పదే పదే దిద్దాను. అప్పుడు ఆ కంప్యూటర్ గుర్తొచ్చింది. నేర్పేవాళ్లను నమ్మడం తప్ప దానికేం తెలుసు? నాలాంటి ఇంకో ఆడదాని మొగుడి ముక్క దాని ముందుకొస్తే, మందుల వల్ల కాదని చెబుతుందేమో. ఆవిడ పొడి కలుపుతూనే ఉంటుందేమో.

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను. గుండెల మీద నుంచి ఎవరో లేచినట్టయింది.

ఈ పొద్దున్న కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయనకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి, “చదువు” అన్నాడు. వేలు పెట్టుకుంటూ మొదటి నుంచి పైకి చదివాను. పొడి సంగతి కూడా చదివాను. ఆయన లేచి చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. నేను డాక్టరమ్మకు ఇద్దామని పొట్లం, కాగితం సంచిలో వేసుకుని, నరసాపురం వెళ్లి రాజమండ్రి బస్సెక్కాను.